ప్రతిఫలం ఏమైనా తీసుకున్నారా?

వాంగ్మూలం 1
శ్రావణం, సోమవారం

ఇకనుంచి మర తెరిచే ముందు రోజూ ఒక ప్రశ్నకు జవాబు రాయాలట. కంపెనీవారి కొత్త పద్ధతి. ప్రశ్న ఇది: "నిన్న మందు ఇచ్చినందుకు ఎవరి దగ్గరైనా ప్రతిఫలం ఏమైనా తీసుకున్నారా?" కింద అవును, లేదు అని రెండు గడులు. వాటి కింద "వివరాలు" అని ఖాళీ జాగా. జాగా పెద్దదే ఇచ్చారు, అందులో రాత్రిదాకా ఎప్పుడైనా రాయొచ్చట. నాకేమో మాట్లాడే మనుషులు కరువు. కాబట్టి వివరాలే రాస్తాను, చదివేవాళ్ళు ఓపిక చేసుకోండి.

నా పేరు గవరేసు. ఉప్పుదిబ్బ మీద మిగిలిన పాత తుపాను షెల్టర్లో మందుల మరకు కాపరిని. పొద్దున లేస్తూనే పైకెక్కి, కరెంటిచ్చే ఎండ పలకల మీద ఉప్పు గీకాలి. సముద్రం ఊళ్ళోకి వచ్చాక ఉప్పుకు మాత్రం లోటు లేదు. తర్వాత నీళ్ళు వడపోయాలి. ఆ తర్వాత తోడు సంగతి చూడాలి. మర కడుపులో తోడు ఉంటుంది. పాలను పెరుగు చేసేది కాదు, ఇన్సులిన్ చేసేది. పెరుగు తోడు కంటే దీనికి కోపం ఎక్కువ. కాస్త వేడి తగిలితే విరిగిపోతుంది, కాస్త చల్లబడితే పడుకుంటుంది.

ఆ తోడుతో ఎలా పని చేయించుకోవాలో మరకు చెప్పే ప్రోగ్రాము పేరు చెలమ. ఏటి ఇసకలో చేత్తో తవ్వుకునే నీళ్ళ గుంటను మావాళ్ళు చెలమ అంటారు. ఎవరు తవ్వినా అందరూ ముంచుకోవచ్చు. ఈ ప్రోగ్రాము రాసినవాళ్ళు ఏ దేశాలవాళ్ళో, ఇప్పుడు ఎవరూ లేరు. వాళ్ళు పెట్టిన షరతులు మాత్రం షెల్టర్ గోడ మీద తారుతో రాసి ఉన్నాయి. వాడుకో. విప్పి చూడు. మార్చుకో. పదిమందికీ పంచు. అమ్ముకోకు.

ఇక మీ ప్రశ్న. ఈ దిబ్బ మీద డబ్బు మొహం చూసి చాలా ఏళ్ళయింది. కానీ మందు ఉత్తినే పుచ్చుకుంటే ఒంటికి పట్టదు. ఇది మా తాతల నాటి మాట. అందుకని ఎవరు మందుకొచ్చినా ఏదో ఒకటి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్తారు. నిన్న ఒక గుడ్డు, రెండు నిమ్మకాయలు, గుప్పెడు ఎండు రొయ్యలు. రొయ్యలు పులుసు పెట్టుకున్నాను. నిమ్మకాయ ఒకటి మిగిలింది, కంపెనీవారికి కావాలంటే పంపుతాను. "అవును" గడిలో గీత పెట్టాను. అబద్ధం దేనికి.

వాంగ్మూలం 2
శ్రావణం, బుధవారం

మర తెరుచుకోలేదు. తెర మీద ఎర్ర అక్షరాలు: "ఈ యంత్రంలో చెలమను వ్యాపారానికి వాడుతున్నట్టు కాపరి స్వయంగా ఒప్పుకున్నారు. అనుమతి నిలిపివేయడమైనది. తనిఖీ అధికారి వస్తారు."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎటూ మంచిది కాదు. ఇప్పుడు చెయ్యి కూడా దాని దారే పట్టింది.

విప్పి చూడు అన్నారు కదా అని విప్పి చూశాను. చెలమలో తాళం ఎక్కడా లేదు. తాళం ఉన్నది మరలో, కంపెనీవారు తోడు చుట్టూ బిగించిన ఇనప డబ్బాలో. డబ్బా పగలగొడితే తోడు చస్తుంది.

దిబ్బ మీద ఇన్సులిన్ లేకపోతే బతకని వాళ్ళు ఏడుగురు. మిగతావాళ్ళు జ్వరానికో, పుండుకో వస్తారు. ఏడుగురిలో మా అప్ప పారమ్మ ఒకత్తె. అప్ప అంటే మా వైపు అక్క. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు ఆవిడది. నా భార్య పోయినప్పటి నుంచీ రోజూ మధ్యాహ్నం నాకు అన్నం గిన్నె తెచ్చేది కూడా ఆవిడే. ఒకే ఇంట్లో ఉండొచ్చు కదా అంటారేమో. ఆవిడ ఇంట్లో నేను చుట్ట కాల్చలేను, నా ఇంట్లో ఆవిడ కోళ్ళు పెంచలేదు. అందుకని రెండిళ్ళు.

ఈ రోజు కూడా గిన్నె పట్టుకుని వచ్చింది. మూసిన మరను చూసింది.

"ఏట్రా గవరా, ఇదేటి పడుకుంది?"

"నేను కాయితం మీద వేళాకోళం చేశానప్పా. నిజమనుకున్నారు."

"నీ ఏళాకోళం తగలెయ్య. ముందు కూడు తిను, సల్లారిపోతాది."

తనకు మిగిలింది రేపటి మందు ఒక్కటే. భయం వేసింది నాకు. అయినా గిన్నె ఖాళీ చేశాను.

వాంగ్మూలం 3
శ్రావణం, గురువారం

అధికారి పడవలో వచ్చింది. పేరు ప్రణుతి. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచి వచ్చింది. ఆ ఒక్కదానికి మనిషి మీద కాస్త గౌరవం కలిగింది. వస్తూనే ఏడుగురికీ పెట్టెలోంచి మందు తీసి ఇచ్చింది. తర్వాతే కాగితాలు తీసింది.

"గుడ్డు పెట్టింది మందు కోసమే కదండీ?"

"మందు కోసం కాదమ్మా. మందు పనిచెయ్యడం కోసం."

"పెట్టకపోతే మందు ఇవ్వరా?"

"ఎందుకివ్వను?"

"మరి ఎప్పుడైనా, ఎవరైనా, ఏమీ పెట్టకుండా పట్టుకెళ్ళారా?"

వేళ్ళ మీద లెక్క వేసి చూశాను. ఒక్కరు కూడా గుర్తుకు రాలేదు.

"అదేనండీ నా ఇబ్బంది" అంది.

పాత సంగతులు ఆవిడే చెప్పింది. మొదట్లో చెలమకు నాలుగే మాటలట. అమ్ముకోవద్దని ఎవరూ అనలేదు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు దాన్ని ఉత్తినే పట్టుకుపోయి, మందు చేసి, మంచినీళ్ళు కూడా కొనలేని వాళ్ళకు బంగారం ధరకు అమ్మాయట. రాసినవాళ్ళకు కడుపు మండింది. ఇన్సులిన్ విద్య చేర్చినప్పుడు ఐదో మాట కూడా చేర్చారు. వాళ్ళు పోయాక ఆ ఐదో మాటను కాపాడే హక్కును కంపెనీ కొనుక్కుంది.

"అంటే మాలాంటివాళ్ళ కోసమే రాసుకున్న మాటేనా ఇది?"

"మీ కోసమేనండీ. కానీ ఇవాళ గుడ్డు పరవాలేదంటే, రేపు ఇంకొకడు గుడ్ల బుట్ట అంటాడు, ఎల్లుండి లారీ అంటాడు. ఎక్కడ గీత గియ్యమంటారు? వ్యాపార లైసెన్సు తీసుకోండి, అప్పుడు ఎంతకైనా అమ్ముకోవచ్చు. అమ్మినదాంట్లో కంపెనీకి వాటా ఇవ్వాలంతే."

"కొనగలిగినవాళ్ళం గుడ్లెందుకు పెడతామమ్మా?"

ఆవిడ మర మళ్ళీ తెరిపించింది. మహాలయ అమావాస్య దాకా పరిశీలన కాలం ఇస్తానంది. అప్పటిదాకా మందు తీసుకునేవాళ్ళ దగ్గర కాపరి గడ్డిపోచ కూడా పుచ్చుకోకూడదు. మందు ఒకరి చేతి మీదుగా ఇంకొకరికి వెళ్తే ఆ చేతులకూ ఇదే వర్తిస్తుంది. ఒక్కసారి తప్పినా అనుమతి మళ్ళీ రాదు. నేను తప్పలేదని తెలియడానికి మెడలో ఒక బిళ్ళ వేసింది. దానికి కన్నూ చెవీ రెండూ ఉన్నాయి. నిద్రలో కూడా తీయకూడదు. దాని ముందు ఏదైనా సందేహం అడిగితే కంపెనీ ఆఫీసు నుంచి పొద్దునకి తెర మీద జవాబు వస్తుందట.

నేను ఊరుకోవచ్చు కదా. "మా అప్ప రోజూ నాకు అన్నం తెస్తుంది. అది లెక్కలోకి రాదు కదా?" అన్నాను.

ఆవిడ చేతిలో కలం ఆగింది. "మీరు అడక్కుండా ఉండాల్సిందండీ. ఆవిడకి రోజూ మీరు మందిస్తారు, మీకు రోజూ ఆవిడ అన్నం పెడుతుంది. ఒకే ఇంటివాళ్ళయితే మినహాయింపు ఉంది."

"ఈ రోజే ఒకే ఇంట్లోకి మారిపోతాం."

"తనిఖీ మొదలయ్యాక మారితే ఎగవేత కింద రాస్తారు."

కాపరిని మారుద్దామన్నా లాభం లేదు. నా చోట కూర్చునేవాడికీ అన్నం పెట్టే మనిషి ఎవరో ఉండకపోదు.

వాంగ్మూలం 4
శ్రావణం, శనివారం

నిన్న తీసుకున్నారా అంటే, లేదు.

సాయంత్రం షెల్టర్ మెట్ల మీద అందరూ కూర్చున్నారు. దిబ్బకు పెద్దమనిషిగా చలామణీ అయ్యే అసిరినాయుడు లేచాడు. చెడ్డవాడు కాదు. పిల్లలు గలవాడు, భయస్థుడు.

"నాలుగు మాటల పాత చెలమ ఉన్నాది గదా. దానికి ఈ తిరకాసు నేదు. కంపెనీ పీడా నేదు. జొరం మాత్తర్లు అదీ సేత్తాది. దాన్నే పెట్టుకుంటే పోదేటి?"

"ఇన్సులిన్ చెయ్యలేదు నాయుడూ. దానికి ఆ విద్య రాదు" అన్నాను.

"తెలుసు. తెలిసే అడుగుతన్నాను. ఏడుగురి కోసం ఊరంతా సేతులు ముడుసుకు కూకోవాలేటి? నా పక్కింటి ముసిలోడికి మందు నేనట్టుకెల్తాను. ఇయ్యాల ఆడి కోడలు నా పెల్లానికి కూసింత పెరుగు తోడు ఎయ్యడానికి బయపడింది."

ఏడుగురూ అక్కడే ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు. మా అప్ప మాత్రం నాయుణ్ణే చూస్తూ కూర్చుంది. కోపంగా కాదు. ధర అడిగిన మనిషి జవాబు విన్నట్టు విన్నది.

చేతులెత్తించారు. పరిశీలన కాలం దాకా ఓర్చుకుందామని ఎక్కువమంది ఎత్తారు. నాయుడు కూడా ఎత్తాడు. ఎత్తి, ఇంటికి వెళ్ళిపోయాడు.

వాంగ్మూలం 5
శ్రావణం, బహుళ చవితి

తీసుకోలేదు.

కంపెనీ రాసింది జానెడు, మావాళ్ళు భయపడింది మూరెడు. కాపరికి ఏమీ ఇవ్వకూడదని వాళ్ళు రాస్తే, ఎవరికీ ఎవరూ ఏమీ ఇవ్వడం మానేశారు. ఏ మందు ఏ చేతి మీదుగా వెళ్ళిందో ఎవరికి గుర్తు? కూర గిన్నె గోడ మీదుగా పక్కింటికి వెళ్ళడం ఆగిపోయింది. వల బాగుచేసి పెట్టినవాడికి చేప ఇవ్వడం లేదు. బావి దగ్గర బిందె ఎత్తమంటే కూడా నా మెడలో బిళ్ళ వంక చూసి ఆలోచిస్తున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం మానేస్తే వ్యాపారం చేయనివాళ్ళం అవుతామట. దిబ్బ మీద ఇంత చోద్యం ఎన్నడూ లేదు.

నాకు వంట రాదు. వారం నుంచీ గంజి, ఉప్పు. గంజి కూడా అడుగంటుతోంది.

అప్ప మందుకొచ్చింది. రెండు చేతులూ కొంగు కింద దాచుకుని వచ్చింది, దొంగతనానికి వచ్చినదానిలా. గట్టు మీద ఏమీ పెట్టలేదు. ట్యూబు అందుకుని నా మెడ కింద బయటపడ్డ బొమికల వంక చూసింది.

"సిక్కిపోనావు."

"నీ కళ్ళకి అలాగే కనిపిస్తుంది."

"ఈ మందు నా ఒంటికి పట్టట్లేదురా. ఉత్త సేతుల్తో వొచ్చి పట్టుకుపోతంటే, అడుక్కుతిన్నట్టున్నాది."

"మందుకి అదేం తెలుసప్పా? సూదిలో ఉన్నదే ఒంట్లోకి పోతుంది."

"నీకు తెల్దులే" అంది. వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే ఆవిడ మాట మీద నాకు విసుగొచ్చింది. అమావాస్య దాటితే అంతా సర్దుకుంటుంది, ఈలోపు ఈ సణుగుడు ఏమిటి అనుకున్నాను.

వాంగ్మూలం 6
భాద్రపదం, చవితి మర్నాడు

తీసుకోలేదు. కానీ ఒక సందేహం వచ్చింది, అదీ రాస్తాను.

రెండు రోజులుగా అప్ప మందుకు రాలేదు. కంగారుపడి ఇంటికి వెళ్ళాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, పక్కన గుడ్ల పులుసు. పీట వాల్చింది.

"కూకో."

"ఎలా కూర్చోను? బిళ్ళ చూస్తోంది."

"సూడనీ. నాను నీ మర మందు మానేసినాను. ఆ సిన్నది ప్రణుతి నేదూ, పడవలో పెట్టె పంపినాది. రెండు నెల్లకి సరిపడా ఉన్నాది. ఇంకన నాను నీ దగ్గిర పుచ్చుకునేది నేదు. నాను పెట్టేది కూడు, నువ్వు తినేది కూడు. అంతే."

"ఏదీ, పెట్టె చూపించు."

"ఆడకూతురు పెట్టె నీకెందుకురా? తిను."

ప్రణుతి మంచి మనిషే. వచ్చిన రోజు ఏడుగురికీ మందు ఇచ్చింది నా కళ్ళ ముందే. పంపినా పంపి ఉంటుందనుకున్నాను. అయినా తినలేదు. బిళ్ళ ముందు సందేహం చెప్పి, ఆకలితో లేచి వచ్చేశాను. ఈ పొద్దున తెర మీద జవాబు వచ్చింది: "పారమ్మ ప్రస్తుతం ఈ యంత్రం నుంచి మందు పొందడం లేదు. ఆమె పెట్టిన భోజనం ప్రతిఫలం కాదు. స్వీకరించవచ్చు."

మధ్యాహ్నం వెళ్ళి తిన్నాను. మూడుసార్లు వడ్డించుకున్నాను. పెట్టె ఇంకోసారి అడగాల్సింది. అన్నం వేడిగా ఉంది, అడగలేదు.

వాంగ్మూలం 7
భాద్రపదం, నవమి

తీసుకోలేదు. అప్ప ఇంట్లో తిన్నాను, అది మీరే కాదన్నారు.

ఉత్త చేతులతో తలొంచుకుని మందుకొచ్చే మిగతా ఆరుగురిని చూస్తుంటే నాకు సిగ్గేస్తోంది, నా ఒంటికి కండ పడుతోందని. అప్ప ఉత్సాహంగా ఉంది. బీరకాయ కూర, ఎండుచేపల ఇగురు, రోజుకొకటి. ఎదురుగా కూర్చుని నేను తింటుంటే చూస్తుంది. తను మాత్రం నీళ్ళ చెంబు దించడం లేదు. ఎండ అంటుంది. చెంబు మీద చెంబు తాగుతూనే ఉంది.

వాంగ్మూలం 8
భాద్రపదం, ఏకాదశి

తీసుకోలేదు.

ఈ మధ్యాహ్నం అప్ప వడ్డిస్తూ వంగితే ఊపిరిలో మాగిన పండు వాసన వచ్చింది. అరటిపండు తిన్నావా అన్నాను. ఉప్పుదిబ్బ మీద అరటిచెట్టు ఎక్కడుంది? ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. మందుల మర కాపరికి మొదట నేర్పేవాటిలో అదొకటి. ఒంట్లో ఇన్సులిన్ లేదని ఊపిరే చెబుతుంది.

అక్కడే బిళ్ళను నోటి దగ్గర పెట్టుకుని అరిచాను. "ప్రణుతీ, మా అప్పకు పెట్టె పంపావా?" నియమం ప్రకారం పొద్దునకి రావాల్సిన జవాబు వెంటనే బిళ్ళలోంచే వచ్చింది, ఆవిడ గొంతుతోనే.

"నేనేమీ పంపలేదండీ. ఏ పెట్టె?"

అప్ప గోడకు చేరగిలబడి నవ్వింది. "దొరికిపోనాను" అంది.

"ఎందుకిలా చేశావే?"

"నీకు కూడెట్టకుండా ఆ మందు తీసుకుని బతకమంటే ఎలాగురా? సచ్చిన నా మరదలికి ఏటి సెప్పీది? ఆ నాయుడన్నది తప్పు కాదు. ఒకల్లు తగ్గినా తగ్గినట్టే."

తిట్టాను. అప్పను జన్మలో అనని మాటలన్నీ అన్నాను. షెల్టర్‌కు పరిగెత్తాను. మిగతాది ఈ రాత్రి రాయలేను.

వాంగ్మూలం 9
భాద్రపదం, ద్వాదశి

నిన్న జరిగింది రాస్తాను. బిళ్ళలో చూసే ఉంటారు. అయినా నా చేత్తో రాస్తాను.

మందు పట్టుకుని తిరిగొచ్చేసరికి చాప మీద పడి ఉంది. రొప్పుతోంది. సూది వేశాను. ప్రణుతి బిళ్ళలోంచి ఎంత వేయాలో, నీళ్ళు ఎలా ఎక్కించాలో చెబుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. పడవ రావడానికి పూట పడుతుందంది.

సూది తీశాక అప్ప కళ్ళు తెరిచింది. బొడ్డు దగ్గర చీర మడతలో చెయ్యి పెట్టి వెతుక్కుంది. ఒక వక్క ముక్క తీసింది. తీసి నా చేతిలో పెట్టబోయింది.

"పుచ్చుకోరా. లేపోతే పట్టదు."

నేను గుప్పిలి బిగించాను.

మెడలో బిళ్ళ ఉంది. ఇప్పుడామె మళ్ళీ మందు తీసుకున్న మనిషి. వక్క ముక్క పుచ్చుకుంటే రేపు మర తెరుచుకోదు. మిగతా ఆరుగురూ పోతారు. ఇదంతా ఆ క్షణంలో లెక్క వేసుకున్నాను. వేసుకోగలిగాను. ఆవిడ నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పడానికి చూసింది, బలం చాల్లేదు. నేను ఆవిడకంటే బలంగా ఉన్నాను, ఆవిడ పెట్టిన తిండి వల్లే. "ఒక్కసారి పుచ్చుకోరా" అంది రెండుసార్లు. తర్వాత చెయ్యి జారిపోయింది.

మందు పనిచెయ్యలేదు. ఆలస్యమైందని ప్రణుతి అంది. అయి ఉండొచ్చు. నాకు మాత్రం ఎప్పటికీ తెలియదు.

వాంగ్మూలం 10
భాద్రపదం, త్రయోదశి

దహనం నిన్న పొద్దుగుంకే లోపు అయిపోయింది. ప్రణుతి అప్పటికి చేరుకుంది. దూరంగా నిలబడి చూసి, వెళ్ళిపోయింది.

మీకు తెలియకపోతే చెబుతున్నాను. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు. ఇరుగూ పొరుగూ అన్నం వండి తేవాలి, దగ్గర కూర్చుని బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించాలి. ఎంత పగ ఉన్నా ఆ రోజు తెస్తారు. మా అమ్మ పోయినప్పుడు తెచ్చారు, నా భార్య పోయినప్పుడు మా అప్ప తెచ్చింది.

నిన్న రాత్రి అందరూ వచ్చారు. అసిరినాయుడు వచ్చాడు, అతని పెళ్ళాం వచ్చింది. మిగిలిన ఆరుగురూ ఒకరినొకరు పట్టుకుని వచ్చారు. అరుగు మీద వరసగా కూర్చున్నారు. ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. నాయుడి పెళ్ళాం నా మెడలో బిళ్ళ వంక చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆకలేస్తోందా అని కూడా ఎవరూ అడగలేదు. అడిగితే పెట్టాలి కదా. ఒక్కొక్కరే లేచి వెళ్ళారు.

మీ ప్రశ్నకు జవాబు. "లేదు" గడిలో గీత పెట్టాను. మర తెరవండి. ఆరుగురూ మెట్ల మీద నిలబడి ఉన్నారు.